సహజ నటనకు బాట వేసిన బళ్ళారి రాఘవ
(ఆగస్టు 2 బళ్ళారి రాఘవ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

తెలుగు నాటకం పద్యానికి, రాగానికి బందీయై ఉన్న రోజులవి. నటుడు ఎంతసేపు ఆలాపన సాగించగలిగితే అంత గొప్పవాడుగా ప్రేక్షకులు పరిగణించేవారు. 'వన్స్ మోర్' అన్న కేక వినిపిస్తే రంగస్థలంపై మరణించిన పాత్ర సైతం లేచి, పద్యం మరల పాడి, మరల మరణించవలసి వచ్చేది. అటువంటి కాలంలో పాత్ర మనస్సును చూపులోను, కంఠస్వరంలోను, చివరకు మౌనంలోను వ్యక్తం చేయవచ్చునని నిరూపించిన మహానటుడు బళ్ళారి రాఘవ.

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో నరసింహాచార్యులు, శేషమ్మ దంపతులకు జన్మించారు. అనంతపురం జిల్లా అప్పటికింకా ఏర్పడలేదు. 1882లో బళ్ళారి జిల్లాను విభజించి దానిని ఏర్పాటు చేశారు. కనుక రాఘవ పుట్టుకతోనే బళ్ళారి జిల్లావాసి అనడం సమంజసం. ఆంధ్ర నాటక పితామహునిగా ప్రసిద్ధికెక్కిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది బళ్ళారిలో న్యాయవాద వృత్తి చేపట్టిన రాఘవ క్రిమినల్ కేసులలో దిట్టగా పేరు గడించారు. ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌గా పనిచేశారు, రావు బహదూర్ బిరుదు అందుకున్నారు. అయితే కోర్టు ఆయనకు జీవిక మాత్రమే. నటనకు ఆయన పారితోషికం తీసుకోలేదు. వకాలతు ద్వారా ఆర్జించినదానిని నాటకాలకు వెచ్చించారు, ప్రదర్శనల వసూళ్ళను సత్కార్యాలకు ఇచ్చారు.

ఆనాటి బళ్ళారిలో రెండు నాటక సమాజాలు పోటాపోటీగా వెలుగుతుండేవి. ఒకటి ధర్మవరం వారి సరస వినోదిని సభ, రెండవది చారిత్రక నాటకకర్త కోలాచలం శ్రీనివాసరావు గారి సుమనోరమ సభ. మేనమామ ఒక సభకు అధినేతయై ఉండగా, మేనల్లుడు రెండవ సభ నాటకాలలో నటించి పేరు తెచ్చుకోవడం విశేషం. విజయనగర పతనాన్ని చిత్రించిన కోలాచలం వారి నాటకంలో పఠాన్ రుస్తుం పాత్ర ఆయన కీర్తిని నలుదిశలా వ్యాపింపజేసింది. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు, రామదాసు, ఔరంగజేబు మొదలుగా గల పాత్రలను ఆయన తనదైన శైలిలో పోషించారు. షేక్‌స్పియర్ నాటకాలలో ఒథెల్లో, షైలాక్ వంటి పాత్రలను ఆంగ్లంలోనే ధరించారు. కన్నడ, హిందీ నాటకాలలోనూ నటించారు.

ఆయన పద్ధతిని అందరూ హర్షించలేదు. పద్యాలను తగ్గిస్తున్నారని, రాగం లేకుండా చదువుతున్నారని, సన్నివేశాలను తమ ఇచ్చానుసారం మారుస్తున్నారని సంప్రదాయవాదులు ఆక్షేపించారు. ఈ ఆక్షేపణను పూర్తిగా కొట్టివేయడానికి వీలులేదు. పద్యనాటకానికి దాని అందం దానికున్నది. కానీ రాఘవ కోరినది పద్యాన్ని తొలగించడం కాదు, పద్యం వెనుక మరుగున పడిన మనిషిని ప్రేక్షకునికి చూపించడం. ఈ తేడాను గ్రహించడానికి మన నాటకరంగానికి చాలాకాలం పట్టింది.

స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలన్నది ఆయన పట్టుదల. పురుషులు ఆడవేషం వేయడమే గౌరవప్రదంగాను, కుటుంబ స్త్రీలు వేదిక ఎక్కడం అపచారంగాను ఎంచబడిన రోజులలో ఈ మాట అనడానికే సాహసం కావాలి. రాఘవ మాటతో ఆగలేదు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటి విద్యావంతులైన స్త్రీలను ప్రోత్సహించి తమ సరసన నటింపజేశారు. విమర్శలలో అధికభాగం భరించవలసి వచ్చింది ఆయనకన్న ఆ స్త్రీలకేనన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. సాంఘిక నాటకానికీ ఆయన అండగా నిలిచారు. పి.వి. రాజమన్నారు రచించిన 'తప్పెవరిది' నాటకాన్ని ఆయన ప్రదర్శించారు. ఆ యువ రచయితే తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియై, 1953లో ఏర్పడిన సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులయ్యారు.

1927లో మహాత్మాగాంధీ నందికొండపై విశ్రాంతి తీసుకుంటున్న సమయంలో రాఘవ బృందం 'దీనబంధు కబీర్' నాటకాన్ని హిందీలో ప్రదర్శించింది. ప్రార్థనా సమయం మించిపోతున్నా గాంధీజీ నాటకం చూస్తూ ఉండిపోయారని ప్రతీతి. 1920వ దశకం చివరిలో రాఘవ ఐరోపాలో పర్యటించారు. ఇంగ్లండులో బెర్నార్డ్ షాను కలిసి నాటకకళపై చర్చించారు.

వెండితెర మాత్రం ఆయనకు అంతగా కలిసిరాలేదు. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం' చిత్రంలో దుర్యోధనుడుగా నటించారు. అదే కథతో అదే ఏడాది వచ్చిన 'ద్రౌపదీ వస్త్రాపహరణం' విజయవంతం కాగా, రాఘవ చిత్రం పరాజయం పాలైంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో వచ్చిన 'రైతుబిడ్డ' ఆయన సహజ నటనకు తగిన చిత్రం. జమీందారీ వ్యవస్థను ఎండగట్టిన ఈ చిత్రానికి నిర్మాత చల్లపల్లి రాజా, అనగా స్వయంగా ఒక జమీందారు కావడం గమనార్హం. తక్కిన జమీందారులు తీవ్రంగా ప్రతిఘటించగా చిత్రం నిషేధానికి గురైంది. 1940లో 'చండిక' చిత్రంలో నటించిన పిదప ఆయన తెరకు దూరమయ్యారు. చేసినవి మూడే చిత్రాలైనందున, ఆయన ప్రతిభను తెలుసుకోవడానికి నేటి తరానికి సమకాలికుల జ్ఞాపకాలే ప్రధాన ఆధారం.

రాఘవ 1946 ఏప్రిల్ 16న బళ్ళారిలో కన్నుమూశారు. ఆ తేదీయే కందుకూరి వీరేశలింగం జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ పట్టణంలో ఆయన పేరిట కళామందిరం వెలసింది. 1981లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.