మూడుసార్లు రిటైరైన గ్రేస్ హాపర్

మనమందరం ఒక్కసారే రిటైరయ్యాం. గ్రేస్ హాపర్ గారిని మాత్రం అమెరికా నౌకాదళం 1966లో, 1971లో, 1986లో, మొత్తం మూడుసార్లు రిటైర్ చేసింది. మధ్యలో రెండుసార్లు తిరిగి పిలిపించుకుంది.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్కులో జన్మించారు. ఏడేళ్ల ప్రాయంలోనే అలారం ఎలా మోగుతుందో చూడాలని ఇంట్లోని ఏడు గడియారాలూ విప్పదీశారట. 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేటు పొందారు. వాస్సర్ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేస్తుండగా యుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరబోతే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. ప్రత్యేక అనుమతితో 1943 డిసెంబరులో చేరారు.

మరుసటి ఏడు హార్వర్డులో 51 అడుగుల పొడవున్న మార్క్ వన్ యంత్రం దగ్గర వేశారు. నేర్పే పుస్తకం లేదు. పనిచేస్తూనే నేర్చుకుని, తరువాతివారికోసం 500 పేజీలు దాటిన మాన్యువల్ తయారుచేశారు.

ఆ రోజుల్లో ప్రోగ్రాం అంటే అంకెల బారు. ఒకరు రాసిన భాగాన్ని ఇంకొకరు నోటుబుక్కులోంచి ఎత్తిరాసుకునేవారు. యంత్రంలో ఏది ఏ గడిలో ఉందన్న చిరునామాలు ప్రతిసారీ మార్చుకోవాలి. తప్పులు దొర్లేవి. లెడ్జర్లు ఎత్తిరాసిన మనవాళ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. 1949లో యూనివాక్ కంప్యూటరు తయారుచేస్తున్న కంపెనీలో చేరిన హాపర్ గారు ఆ ఎత్తిరాత పనిని యంత్రానికే అప్పగించారు. భాగాలన్నిటినీ టేపుమీద ఉంచి నంబర్లు వేశారు. నంబర్లు వరుసగా ఇస్తే చాలు, యంత్రమే ఆ భాగాలు వెతికి తెచ్చి, చిరునామాలు సరిచేసి, ప్రోగ్రాం కూర్చిపెట్టేది. 1952 నాటి ఈ ఏ-జీరో కంపైలర్ చేసినదే ఇప్పుడు మన మనుమలు, మనుమరాళ్లు లింకర్, లోడర్ పేర్లతో చదువుతున్నారు. లెక్కలు చేసే యంత్రం ప్రోగ్రాం ఎలా రాస్తుందని అప్పట్లో చాలామంది నమ్మలేదు.

తరువాత ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలు రాసే ఫ్లో-మ్యాటిక్ తెచ్చారు. 1959లో మొదలైన కోబాల్ భాషకు అదే ముఖ్యమైన ఆధారం. కోబాల్ మాత్రం ఒక కమిటీ కృషి, ఆమె ఒక్కరిదే అనడం సరికాదు. మన దేశంలోనూ ఎన్నో కార్యాలయాల పే బిల్లులు కోబాల్‌లో తయారయ్యాయి.

1966 చివర, అరవై ఏళ్లకు రిటైర్మెంటు ఆర్డరు వచ్చింది. చాలా బాధపడ్డారు. ఎనిమిది నెలలు తిరగకుండానే మళ్లీ కబురు. ఒక్కో కంప్యూటరు మీద కోబాల్ ఒక్కో తీరుగా ఉండి, ఒకచోట నడిచిన ప్రోగ్రాం మరోచోట నడవక నౌకాదళం అవస్థ పడుతోంది. ఆరు నెలల పని అన్నారు. ఆమె బృందం పరీక్షా ప్రోగ్రాములు రాసి, ఏ కంపైలర్ నియమాలు పాటిస్తోందో, ఏది పాటించడం లేదో తేల్చింది. 1971లో కొద్దికాలం విరామం తప్ప ఆ ఆరు నెలలు 1986 దాకా సాగాయి!

కుర్రవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు అడుగుకు కొంచెం తక్కువ పొడవున్న తీగముక్కలు పంచేవారు. సెకనులో వందకోట్లవ వంతు సమయంలో విద్యుత్ సంకేతం అంతకుమించి పోలేదని చూపడానికి.

1986 ఆగస్టు 14న, బోస్టన్‌లో, కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌకమీద వీడ్కోలు జరిగింది. అప్పటికి రియర్ అడ్మిరల్ హోదా, వయసు 79. ఇంట కూర్చోలేదు, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో సలహాదారుగా చేరారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆర్లింగ్టన్‌లో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు.