మారుతీ ఇంజిన్‌తో రేసు కారు.. కరి బాట చూశారా?

మెకానికల్ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? మలుపులో కారు బాడీ ఒరగడం, బరువు బయటి వైపు చక్రాల మీదికి మారడం.. రెండూ ఒకటేనా అని అడిగితే ఏం చెబుతారు? ఒకటేనని చెప్పేస్తే మార్కులు పోయినట్టే. ఆ తేడా తెలియకుండా రేసు కారు కట్టలేం. మన దేశంలో దాన్ని కట్టి చూపించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు సుందరం కరివర్ధన్.

అంతా కరి అని పిలిచే ఆయనది కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబం. తమిళనాట స్థిరపడిన తెలుగు నాయుళ్లు. మిల్లుల వారసుడైనా మనసంతా రేసుల మీదే. అప్పట్లో పోటీలు చెన్నై దగ్గర షోళవరంలో, పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. అసలైన రేసు కారు కావాలంటే విదేశాల నుంచి తెప్పించుకోవాలి. మామూలు కుర్రాళ్లకు అది అందని ద్రాక్షే.

1988లో కరి దారి చూపించారు. మారుతీ 800లోని 796 సీసీ ఇంజిన్‌తో ఒక్క సీటు రేసు కారు తయారు చేశారు. అదే ఫార్ములా మారుతీ. ఇంజిన్ చిన్నది. అలాంటి కారులో గెలవాలంటే మలుపులో వేగం పోకూడదు. అందుకే కారు తేలిగ్గా, నేలకు దగ్గరగా ఉండాలి.

ఎందుకో మన పల్నాడులోనే చూడొచ్చు. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లే ఎత్తైన ప్రభకు మోకులు కట్టి పట్టుకుంటారు కదా! బరువు ఎత్తులో ఉంటే ఒరిగే గుణం ఎక్కువ. ఇప్పుడు లెక్క చూడండి. 400 కిలోల కారు, గరిమనాభి ఎత్తు 30 సెంటీమీటర్లు, చక్రాల మధ్య వెడల్పు 150 సెంటీమీటర్లు అనుకోండి. 1 జీ త్వరణంతో మలుపు తిరిగితే 400ను 30తో గుణించి 150తో భాగించాలి. అంటే 80 కిలోల భారం బయటి చక్రాలకు మారుతుంది. ఎత్తు 60 అయితే 160 కిలోలు!

బరువు రెట్టింపైనా టైరు పట్టు రెట్టింపు కాదు. బయటి టైరుకు కలిసొచ్చేదానికంటే లోపలి టైరు పోగొట్టుకునేదే ఎక్కువ. గట్టి స్ప్రింగులు వేస్తే ఒరగడం తగ్గుతుంది గానీ, మొత్తం మారే భారం దాదాపు అంతే. ముందు, వెనక జతల్లో ఏది ఎక్కువ మోయాలో మాత్రం మనం మార్చుకోవచ్చు. ముందు మరీ గట్టిగా పెడితే స్టీరింగ్ తిప్పినంతగా కారు తిరగదు. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఇదే.

కరి ఎక్కువ కాలం బతకలేదు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. అప్పటికి నలభై ఏళ్లు దాటాయంతే. ఆయన కార్లు మాత్రం ఆగలేదు. ఫార్ములా మారుతీలో ఓనమాలు దిద్దిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కు చేరిన తొలి భారతీయుడయ్యాడు. కోయంబత్తూరులో 2003లో మొదలైన ట్రాక్‌కు కరి పేరే పెట్టారు.

ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా కట్టిన కార్లతో పోటీపడే ఫార్ములా భారత్ జరిగేది ఆ ట్రాక్ మీదే. అక్కడ కారు పరుగుతోపాటు డిజైన్ లెక్కలనూ జడ్జీలు అడుగుతారు. నరసరావుపేటలో చదువుతున్నా, మాచర్ల నుంచి రోజూ బస్సెక్కి కాలేజీకి వస్తున్నా మీకూ అవకాశముంది. ఖరీదైన ఇంజిన్ లేదని ఆగకండి. నలుగురు స్నేహితులు కలిసి, దొరికే విడిభాగాలతో మొదలుపెట్టండి. ఆ అనుభవం రెజ్యూమెలో ఒక్క లైనే కావచ్చు.. ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడిస్తుంది.