సర్ రాబర్ట్ మెక్‌కారిసన్

మనిషి ఎత్తు, దేహదార్ఢ్యం వంశాన్ని బట్టి, జాతిని బట్టి నిర్ణయమవుతాయని ఒకప్పుడు పాలకులూ పండితులూ విశ్వసించారు. ఉత్తరాది సిపాయి దృఢకాయుడు కావడం, దక్షిణాది కూలీ కృశించి ఉండడం పుట్టుకతో వచ్చిన లక్షణాలని భావించారు. ఈ నమ్మకాన్ని ప్రయోగశాలలో పరీక్షించిన వైద్యుడు సర్ రాబర్ట్ మెక్‌కారిసన్. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు బీజం వేసినది ఆయనే.

మెక్‌కారిసన్ 1878 మార్చి 15న ఐర్లండులోని పోర్టడౌన్ పట్టణంలో జన్మించారు. బెల్ఫాస్టులో వైద్యవిద్య పూర్తిచేసి, 1901లో భారత వైద్యసేవలో చేరి మన దేశానికి వచ్చారు. గిల్గిత్ లోయలో గొంతువాపు వ్యాధి ఎక్కువగా ఉండేది. దాని కారణం తెలుసుకోవడానికి అక్కడి కలుషిత జలాన్ని తామే త్రాగి పరీక్షించిన సాహసి ఆయన.

1918లో నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ సంస్థకు చెందిన ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ఆరంభించారు. నాడు మద్రాసు రాజధానిలో ఉన్న ఉత్తర సర్కారు జిల్లాలను ఆ వ్యాధి పీడిస్తూ ఉండేది. మరపట్టిన తెల్లని బియ్యంలో తవుడు పోతుంది. తవుడుతోబాటు నరాలకు, గుండెకు అవసరమైన బి1 విటమిను కూడా పోతుంది. దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం తినేవారికి ఈ ముప్పు తక్కువ. నాగరికతకు చిహ్నంగా తోచిన తెల్లని అన్నమే తెలుగువారిని రోగగ్రస్తులను చేసింది.

1923లో ప్రభుత్వం పొదుపు పేరిట ఈ పరిశోధనకు నిధులు నిలిపివేసింది. మెక్‌కారిసన్ నిరాశ చెందలేదు. 1925లో పని తిరిగి మొదలైంది. ఆ దశకం ముగిసేసరికి ఆ చిన్న గది పోషకాహార పరిశోధనాలయంగా ఎదిగింది.

ఆయన ప్రయోగాలలో ఎలుకల ప్రయోగం ప్రసిద్ధమైనది. ఒకే వయస్సు, ఒకే బరువు గల ఎలుకలను గుంపులుగా చేసి, ఒక్కొక్క గుంపుకు దేశంలోని ఒక్కొక్క ప్రాంతపు భోజనం పెట్టారు. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలతో కూడిన పంజాబు సిక్కుల ఆహారం తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములు తూగాయి. అన్నమే ప్రధానమైన మద్రాసు ప్రాంతపు ఆహారం తిన్నవి 155 గ్రాములే తూగాయి. ఎలుకల జాతి ఒక్కటే. భేదమంతా ఆహారంలోనే ఉంది.

అయితే ఈ ప్రయోగం ఒక ప్రశ్నను మిగిల్చింది. పాలు, పప్పు, కూరలు మంచివని తెలిసినంత మాత్రాన పేదవాని కంచంలోకి అవి రావు. పంజరంలో ఆహారాన్ని శాస్త్రజ్ఞుడు నిర్ణయిస్తాడు. ఇంటిలో దానిని కూలి, పంట, ధర నిర్ణయిస్తాయి.

1933లో సర్ బిరుదు పొందిన మెక్‌కారిసన్ 1935లో పదవీవిరమణ చేసి, 1960 మే 18న ఆక్స్‌ఫర్డులో మరణించారు. అంతకు రెండేళ్ల ముందే, 1958లో, ఆయన సంస్థ హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థ ఆధ్వర్యంలో 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం దశాబ్దాలపాటు గ్రామాలలోని పిల్లల ఎత్తులు, బరువులు కొలిచింది. కాలక్రమంలో అవి పెరిగినట్లు గుర్తించింది. ఐరోపాలో కూడా జీవన ప్రమాణాలు మెరుగుపడిన కొద్దీ తరతరానికీ ఎత్తు పెరిగింది, యౌవనం ముందుగా వచ్చింది. కొన్ని తరాల వ్యవధిలో వంశలక్షణాలు ఇంతగా మారవు. మారినవి తిండి, పారిశుద్ధ్యం, ఆదాయం.

కుప్పం, శాంతిపురం, పుంగనూరు ప్రాంతాలలో తరతరాలుగా తింటున్న రాగి సంగటిలో ధాన్యపు పైపొర పోదు. కాల్షియం సమృద్ధిగా ఉంటుంది. దానికి పాలు, పప్పు, ఆకుకూరలు తోడైతే బిడ్డ ఎదుగుదలకు లోటుండదు. ఆ తోడును ప్రతి ఇంటికీ అందుబాటులోకి తేవడమే మెక్‌కారిసన్ తరువాతి తరాలకు మిగిల్చిన కర్తవ్యం.