బెన్నీ ఫ్రీడ్‌మన్

అమెరికా ఫుట్‌బాల్ పేరునకు కాలిబంతి యైనను, ఎక్కువగా చేతులతో ఆడు క్రీడ. బంతిని చేతబట్టి ఎదిరిపక్షమును నెట్టుకొనిపోవుటయే పూర్వము అందలి ప్రధాన మార్గము. బంతిని గాలిలో విసరి గెలుచు పద్ధతిని చూపినవారిలో ముఖ్యుడు బెన్నీ ఫ్రీడ్‌మన్.

ఆయన 1905లో క్లీవ్‌లాండ్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు రష్యానుండి వలసవచ్చిన యూదులు, తండ్రి దర్జీ. మిషిగన్ విశ్వవిద్యాలయమున చదువుచు, 1926లో అచటి జట్టునకు నాయకుడయ్యెను.

ఆనాటి బంతి లావుగానుండి చేతి కిమిడెడిది కాదు. విసరుట కడపటి ఉపాయముగా నెంచబడెడిది. గురి తప్పినచో నియమములు దండించెడివి. ఫ్రీడ్‌మన్ జంకక, ప్రత్యర్థు లూహింపని వేళలందే విసరెడివాడు. న్యూయార్క్ జెయింట్స్ యజమాని టిమ్ మారా, ఆయన యొక్కనికొరకు డెట్రాయిట్ జట్టునంతను కొనివేసెను. 1929లో ఆయన వేసిన 20 టచ్‌డౌన్ పాసుల రికార్డు 1942 వరకు చెక్కుచెదరలేదు.

పిమ్మట న్యూయార్క్ సిటీ కాలేజీలోను, బ్రాండీస్ విశ్వవిద్యాలయములోను యువకులకు శిక్షణ నొసగెను. 1963లో వృత్తిక్రీడాకారుల కీర్తిమందిరము వెలసినది. అందు తనకు స్థానము లేకుండుట అన్యాయమని ఆయన బహిరంగముగనే వాదించెను. కొందరి కది అహంభావముగ తోచెను. వార్ధక్యమున వ్యాధిచే ఒక కాలు కోల్పోయి, 1982లో తన చేతులతోనే జీవితమును ముగించుకొనెను.

ఆ కీర్తిమందిరము 2005లో, ఆయన పుట్టిన నూరవ యేట, ఆయనకు ద్వారము తెరచెను. నేడు ఆ క్రీడకు ప్రాణమై వెలయు విద్యను నేర్పినవానికి ఆ సత్కారమును కన్నులార గాంచు భాగ్యము లేకపోయెను.