జోలె పట్టిన చేయి: నందమూరి తారక రామారావుగారు

గుడివాడకు చేరువనున్న నిమ్మకూరు గ్రామమున, సేద్యముపై బ్రతుకు కుటుంబమున, 1923వ సంవత్సరము మే నెల 28వ తేదీని తారక రామారావుగారు జన్మించిరి. బెజవాడలో చదువుకొను దినములలో పాలుపోసి తలిదండ్రులకు తోడ్పడిరి. పిమ్మట గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి. 1947లో ప్రభుత్వోద్యోగము లభించినను కొలది వారములకే దానిని విడిచి చలనచిత్రములయందు ప్రవేశించి, రాముడుగను కృష్ణుడుగను నటించి తెలుగువారి యింటింట పరిచితులైరి.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని గాలివానతోగూడ ఉప్పెన వచ్చి దివిసీమను ముంచివైచెను. నాగాయలంక, కోడూరు ప్రాంతములందలి పల్లెలు రూపుమాసెను. సొర్లగొంది వంటి గ్రామములలో శవములను పూడ్చుటకైన మనుజులు చాలరైరి. మృతులు పదివేలకు పైబడిరి. అప్పుడు రామారావుగారును, గుడివాడ ప్రాంతముననే పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారును తోడి నటులను వెంటగొని, ఊరూర తిరిగి జోలెపట్టి బాధితులకై విరాళములు సేకరించిరి. ధనవంతుడు నోటు వేసెను. కూలివాడు తన నాటి కూలిలోనుండి చిల్లర వేసెను. తెర మీది దేవుడు వీధిలో నిలిచి పరులకొఱకు చేయి చాచుట ప్రజలు కన్నులార జూచిరి.

1982వ సంవత్సరము మార్చి 29వ తేదీని హైదరాబాదులో వారు తెలుగుదేశము పార్టీని స్థాపించిరి. ఒక పాత మోటారు బండిని చైతన్యరథమను పేర సిద్ధపరచి, కుమారుడు హరికృష్ణగారు నడుపగా, వేల మైళ్లు ప్రయాణము చేసిరి. దారిప్రక్కనే స్నానము, అచ్చటనే భోజనము. బండిపై నిలిచి పల్లెప్రజలతో మాటలాడిరి. రాజకీయ సభల ముఖమెఱుగని స్త్రీలు బిడ్డలను చంకనెత్తుకొని వచ్చి రాత్రి ప్రొద్దుపోవువఱకు వేచియుండిరి. 1983 జనవరి 5వ తేదీని జరిగిన ఎన్నికలలో 294 స్థానములకు గాను రెండువందలకు పైగా ఆ పార్టీకి దక్కెను. తొమ్మిది నెలల పార్టీకి అధికారము వచ్చెను. వారు గుడివాడ, తిరుపతి రెండింటను గెలిచి ముఖ్యమంత్రియైరి. కిలో బియ్యము రెండు రూపాయలకే యిచ్చెదమన్న వాగ్దానమును నెరవేర్చిరి. 1984 ఆగస్టులో పదవినుండి తొలగింపబడగా ప్రజలు వీధులకెక్కిరి. నెలదినములకే పదవి తిరిగి లభించెను.

కాని ప్రజావిశ్వాసము పిత్రార్జితము గాదు. 1989లో మంత్రులనందఱను ఒక్కమాఱుగా తొలగించిరి. ఆ సంవత్సరాంతమున జరిగిన ఎన్నికలలో పార్టీ ఓడెను. హిందూపురమున గెలిచినను కల్వకుర్తిలో స్వయముగ ఓటమి పొందిరి. ప్రజలే 1994లో మరల పిలిచిరి. మఱుసటి యేట స్వపక్షమువారే వారిని పదవినుండి దింపిరి. 1996 జనవరి 18వ తేదీని వారు కాలధర్మము నొందిరి.

విద్యార్థులారా! జోలెలో పడిన కాసును, పెట్టెలో పడిన వోటును రెండును అప్పులే. అడిగినవాడు లెక్క చెప్పవలెను. ఇచ్చినవాడు లెక్క యడుగవలెను. 1989నుండి వోటు వయస్సు 21 ఏండ్లనుండి 18 ఏండ్లకు తగ్గినది గావున, మీలో పై తరగతులవారికి ఆ దినము దూరము లేదు. నాడు దివిసీమకై చిల్లర వేసిన కూలివాని చేయి ఎంత విలువగలదో, వోటు వేయబోవు మీ చేయియు అంత విలువగలదని మఱువకుడు.