విశ్వదాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు

బళ్లారి సరిహద్దు సీమలో తెలుగు మాధ్యమమున చదువుకొనే బాలబాలికలకు పెద్ద వ్యాపార సంస్థలలోని ఉన్నతాధికార పదవి అందని మ్రానిపండుగా తోచుట సహజం. అది మహానగరాలలో పుట్టినవారికే దక్కునని తల్లిదండ్రులు సైతం తలచుట కద్దు. వంద సంవత్సరాలకు పూర్వమే ఒక తెలుగు పల్లెబిడ్డ ఆ మెట్లన్నీ ఎక్కి చూపినాడు. ఆయనే దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లాలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించారు. బందరులో చదివి, 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాల నుండి పట్టభద్రులైనారు. ఆ రోజులలో బి.ఏ. పట్టా చేతికి వచ్చినవానికి సర్కారు కొలువు ఎదురుగా నిలిచియుండేది. కచేరీలో గుమాస్తాగా చేరి, పింఛను పుచ్చుకొని విశ్రమించుటయే నాటి గౌరవమార్గం. ఆయన ఆ దారి పట్టలేదు.

కలకత్తా వెళ్లి ఔషధ వ్యాపారం చేసే సంస్థలో పనికి కుదిరారు. మందుల తయారీలోని మెళకువలు ఆయనకు అక్కడే అలవడినవి. పిమ్మట బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీలో ఉద్యోగిగా ప్రవేశించి, అంచెలంచెలుగా పైకి వచ్చి, ఆ సంస్థకే అధిపతి అయినారు. ఈ ఒక్క వాక్యం వెనుక ఎంత శ్రమ యున్నదో విద్యార్థులు ఊహించుకొనవలెను. తెలుగు వినిపించని ఊరు, పరభాషలో లెక్కలూ లేఖలూ, కొత్త మనుష్యులు. పట్టభద్రుడనన్న అతిశయంతో చిన్నపనిని చులకన చేసియుంటే సరకు గుట్టు, ఖాతాల గుట్టు ఆయనకు తెలిసేవి కావు. ఇంగ్లీషును ఆయన శ్రద్ధగా నేర్చి వాడుకొన్నారు, సందేహం లేదు. అయితే దానికోసం తెలుగును అవతల పెట్టలేదు.

1893లో బొంబాయిలో ఆయన స్థాపించిన అమృతాంజనం తలనొప్పులకూ ఒళ్లు నొప్పులకూ రాచుకొనే పసుపుపచ్చని లేపనం. మొదట కొనేవారు లేరు. పంతులుగారు అధైర్యపడక సంగీత సభలలో శ్రోతలకు దానిని ఉచితంగా పంచిపెట్టించారు. ఒకసారి వాడి గుణం కనుగొన్నవారు మరల అంగడికి వెళ్లి అడిగారు. వస్తువుపై నమ్మకం లేనివాడు దానిని ఊరక పంచలేడు. ఆ చిన్న సీసాయే ఆయనను లక్షాధికారిని చేసింది. 1936లో ఆ వ్యాపారం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారింది.

ధనం వచ్చిన తరువాత అనేకులు అంతటితో ఆగుదురు. 1907 సూరతు కాంగ్రెసుకు వెళ్లివచ్చిన పంతులుగారికి తెలుగువారికి మంచి పత్రిక లేని లోటు తోచింది. 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1914లో మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలైనవి. వ్యాపారదృష్టితో చూస్తే ఇవి లాభసాటి పనులు కావు. అమృతాంజనం ఆర్జించినది అక్షరాలకు ఖర్చయినది. ఉప్పు సత్యాగ్రహంలో కారాగారానికి వెళ్లినప్పుడు సైతం ఊరక కూర్చుండక భగవద్గీతకు వ్యాఖ్యానం వ్రాసిరి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సన్మానించింది.

బళ్లారి వారికి ఆయన పేరు మరియొక విధంగా కూడ పరిచితం. మద్రాసులోని ఆయన గృహం పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న రాయలసీమ, కోస్తా నాయకులు అక్కడే సమావేశమై ఒడంబడిక చేసుకొన్నారు. నాడు బళ్లారి జిల్లా రాయలసీమలో భాగమే. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి వినియోగంలో వెనుకబడిన ఈ జిల్లాలకు పదేండ్లపాటు ప్రాధాన్యమీయవలెనని అందులో వ్రాసుకొన్నారు. పరస్పరం శంకించుకొనే రెండు పక్షాలు ఒకరి యింట కూర్చుండి మాటలాడుటకు ఆ గృహస్థునిపై ఉభయులకూ విశ్వాసముండవలెను. అది డబ్బుతో కొనదగినది కాదు.

ఆ తరువాత అయిదు మాసాలకే, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు కన్నుమూశారు. తుంగభద్ర ఆనకట్టకు నాటి బళ్లారి జిల్లాలోని హోస్పేట వద్ద 1945లో శంకుస్థాపన జరిగింది. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లినవి. అమృతాంజనం సీసా మాత్రం సరిహద్దుకు ఇరువైపులా అంగళ్లలో లభిస్తూనే యున్నది.