ముందు ఓటు, తర్వాతే కోర్టు

సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికల గురించి మీరు వినే ఉంటారు. అలాంటి ఎన్నికలకు అమెరికాలో గట్టి చట్టం తెచ్చిన సెనెటర్ రాబర్ట్ వాగ్నర్. కోర్టుల బలం లోపలినుంచి తెలిసిన మాజీ జడ్జి ఆయన. అదే కోర్టులు ఎప్పుడు రావాలో, ఎప్పుడు ఆగాలో చట్టంలో రాయించారు.

జర్మనీలో 1877లో పుట్టిన వాగ్నర్ తొమ్మిదేళ్ల వయసులో ఇంట్లోవాళ్లతో న్యూయార్క్ వచ్చారు. తండ్రిది అపార్ట్‌మెంట్లు శుభ్రం చేసి, చూసుకునే చిన్న ఉద్యోగం. ఫీజు లేని సిటీ కాలేజీలో డిగ్రీ చేసి, 1900లో లా పూర్తి చేశారు. తర్వాత రాజకీయాల్లోకి వెళ్లారు.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వలస వచ్చిన ఆడపిల్లలే. ఆపై వేసిన విచారణ కమిషన్‌కి వాగ్నరే ఛైర్మన్. ఫ్యాక్టరీ భద్రతకు కొత్త చట్టాలు వచ్చాయి.

1919 నుంచి 1926 దాకా జడ్జిగా పనిచేశారు. అప్పట్లో ఇంజంక్షన్ అంటే యాజమాన్యాలు సమ్మెల మీద వాడే ఆయుధం. 1922లో ఆయన దాన్ని తిరగేశారు. ఒప్పందం తప్పిన యజమానుల మీద యూనియన్‌కి ఇంజంక్షన్ ఇచ్చారు.

1927లో సెనేట్‌కి వెళ్లారు. 1933లో జాతీయ లేబర్ బోర్డు ఛైర్మన్ అయ్యారు. యూనియన్ ఎన్నిక పెడదామంటే కొన్ని కంపెనీలు ఖాతరే చేయలేదు. 1934లో వచ్చిన తీర్మానం కొత్త బోర్డుకి ఎన్నిక ఆదేశించే అధికారం ఇచ్చింది. కానీ ఓటింగ్‌కి ముందే ఆ ఆదేశాన్ని కోర్టులో సవాలు చేసే వీలూ ఉంచింది. కంపెనీలు కోర్టుకెక్కాయి, ఎన్నికలు ఆగిపోయాయి. కేసు తేలేలోపు యూనియన్ ఊపు చల్లారిపోయేది.

1935 జులై 5న సంతకమైన వాగ్నర్ చట్టం ఈ వరస మార్చింది. బోర్డు ఎన్నిక పెట్టి, గెలిచిన సంఘానికి గుర్తింపు ఇస్తుంది. దాని మీద యాజమాన్యం నేరుగా కోర్టుకి వెళ్లలేదు. ముందు ఆ సంఘంతో చర్చలకు నిరాకరించాలి. అది తప్పని తేల్చి, చర్చలు జరపమని బోర్డు ఆదేశించాలి. ఆ ఆదేశం అప్పీల్ కోర్టుకి వెళ్లినప్పుడే ఎన్నిక రికార్డు కూడా జడ్జిల ముందుకొస్తుంది. 1937లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఈ చట్టాన్ని నిలబెట్టింది.

లోటు లేదా అంటే ఉంది. కావాలనే చర్చలు కాదని, కేసు సాగదీసే దారి యాజమాన్యాలకు మిగిలింది. బోర్డు తీర్పుతో నష్టపోయిన సంఘానికైతే ఆ పక్కదారి కూడా దాదాపు లేదు.

వాగ్నర్ 1953లో చనిపోయారు. ఆ తర్వాత ఆ లోటు మీద కేసు వేసింది ఎవరో తెలుసా? ఇంజినీర్లు! వెస్టింగ్‌హౌస్‌లో 233 మంది ప్రొఫెషనల్ ఉద్యోగులతో మరో 9 మంది ఇతరులను, వీళ్ల ఓటు అడగకుండానే, బోర్డు ఒకే యూనిట్‌లో కలిపేసింది. 1947 సవరణ ప్రకారం అలా చేయకూడదు. చట్టం స్పష్టంగా వద్దన్న పని బోర్డు చేస్తే నేరుగా కోర్టుకి రావచ్చని 1958లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మినహాయింపు నేటికీ చాలా ఇరుకైనదే.

లా, హెచ్‌ఆర్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఆ చట్టంలోని సెక్షన్ 9(డి) ఒకసారి చదవండి. అప్పీల్ హక్కు ఎవరికి ఉందన్నదే కాదు, ఏ దశలో ఉందన్నదీ చూడాలి. ఒక్కోసారి ఫలితం తేలేది అక్కడే.